మా ఆవిడ ఇటాలియన్‌లో చెప్పిన మాటలు

నేను ఇటాలియన్ నేర్చుకున్నది ఆ దేశం మీద ఇష్టంతో కాదు, కుళ్ళుతో. ఈ మాట నాలో నేను ఒప్పుకోవడానికే ఏడాది పైగా పట్టింది.

మా ఆవిడ ముప్పై ఏళ్ళు ఒక హైస్కూల్లో సోషల్ టీచరుగా పనిచేసింది. మోకాళ్ళ నొప్పులతో గంటల తరబడి నిలబడలేక, రిటైర్మెంటుకి ఇంకా సమయం ఉండగానే మానేసింది. మానేసిన రెండో వారంలో ఒక పొద్దున్న కాఫీ తెచ్చి నా ముందు పెడుతూ "బువొంజోర్నో" అంది.

"అదేమిటి?" అన్నాను.

"ఇటాలియన్‌లో గుడ్ మార్నింగ్. ఫోన్లో యాప్ పెట్టుకున్నాను. ఆ దేశం ఎలా ఏకమైందో ముప్పై ఏళ్ళు పాఠం చెప్పానండీ. బోర్డు మీద బూటులాగా మ్యాపు గీసి, ఊళ్ళు గుర్తుపెట్టించాను. వాళ్ళు ఎలా మాట్లాడుకుంటారో ఒక్కసారి కూడా వినలేదు."

నేను నవ్వి పేపరు తిప్పాను. అప్పటికి నేను రిటైరై రెండేళ్ళయింది. నారాయణగూడలోని ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. రోజుకు ఐదారు గంటలు గొంతు చించుకుని చిక్కడపల్లిలో ఇంటికి చేరేసరికి ఇక మాట్లాడే ఓపిక ఉండేది కాదు. ఉద్యోగం పోయినా ఆ అలవాటు పోలేదు. కూతురు పెళ్ళై మియాపూర్ వెళ్ళాక మా ఇంట్లో టీవీయే ఎక్కువ మాట్లాడేది.

రెండు వారాల్లో వదిలేస్తుందనుకున్నాను. వదల్లేదు. కూర తరుగుతూ, బట్టలు ఆరేస్తూ, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వాక్యాలు పలికేది. వంద రోజులు వరసగా చేసినందుకు యాప్ ఏదో మెరుపులు చూపిస్తే, ఆ ఫోను తెచ్చి నా కళ్ళముందు పెట్టింది. "బాగుంది" అన్నాను, ఏం చూశానో తెలియకుండానే. తర్వాత ఆరు నెలల ఆన్‌లైన్ కోర్సులో చేరింది. ఆ కోర్సువాళ్ళే మాట్లాడుకోవడానికి జతలు కుదురుస్తారట. ఇంగ్లీషు కావలసిన ఇటాలియన్‌కి, ఇటాలియన్ కావలసిన మనవాళ్ళని. మా ఆవిడకి దక్షిణాన సముద్రం పక్కన ఒక చిన్న ఊళ్ళో ఉండే పెద్దమనిషి దొరికాడు. మంగళవారం, శుక్రవారం, మన సాయంత్రం ఐదున్నరకి. మొదటి అరగంట ఇంగ్లీషు, తర్వాతి అరగంట ఇటాలియన్.

ఐదింటికే ముఖం కడుక్కుని, ఉతికిన చీర కట్టుకుని, బాల్కనీ వెలుతురు ముఖం మీద పడేలా కుర్చీ జరుపుకునేది. నా కోసం ఆ కుర్చీ ఎప్పుడైనా జరిపిందా అని వెతుక్కున్నాను. అలాంటి లెక్కలు మొదలయ్యాయంటే మనిషి చెడిపోతున్నాడనే అర్థం.

మొదట్లో నేను హాల్లో కూర్చుని విన్నది ఇంగ్లీషు అరగంటే. అందులో ఏమీ లేదు. వాతావరణం, కూరగాయలు, రైళ్ళు. మా ఆవిడ టీచరమ్మ గొంతుతో నెమ్మదిగా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పేది. ఇటాలియన్ అరగంట మొదలయ్యాకే గొంతు మారిపోయేది. వేగం పెరిగేది. మధ్యలో తడబడి, వెనక్కి వచ్చి, మళ్ళీ దూకేది. ఉన్నట్టుండి పెద్దగా నవ్వేది. ఆ నవ్వు విని ఒకరోజు మంచినీళ్ళ వంకతో గదిలోకి వెళ్ళి తెర వైపు చూశాను.

అందగాడైతే సగం బాధ పోయేది. బట్టతల, బొజ్జ, బూడిదరంగు స్వెట్టరు, మెడలో దారానికి వేలాడే కళ్ళజోడు. రైల్వేలో టికెట్లిచ్చే ఉద్యోగం చేసి రిటైరయ్యాడట. అచ్చం నాలాంటివాడే. ఇటలీలో కూర్చున్న నేనే అనుకోవచ్చు. నాలాంటి మనిషితోనే ఇన్ని మాటలు మాట్లాడగలిగితే, ఇంట్లో ఉన్న నాతో ఎందుకు మాట్లాడదు? ఆ రాత్రి అన్నం సహించలేదు.

మర్నాడే నా ఫోన్లో అదే యాప్ దించాను. ఇంట్లో చేస్తే తెలిసిపోతుందని చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్ళడం మొదలుపెట్టాను. ఆ రీడింగ్ రూము ఎప్పుడూ గ్రూప్స్‌కి చదివేవాళ్ళతో నిండి ఉంటుంది. అశోక్‌నగర్ హాస్టళ్ళలో ఉండి, పొద్దున్నే వచ్చి కుర్చీ పట్టుకుంటారు. వాళ్ళ మధ్య నేను తెల్లజుట్టుతో, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో, "అబ్బాయి యాపిల్ తింటున్నాడు" అని ఇటాలియన్‌లో రాస్తూ కూర్చునేవాణ్ణి. వారం తర్వాత పక్క కుర్చీలో ఉండే గడ్డపాయన ఉండబట్టలేక అడిగాడు.

"సార్, ఏమనుకోకుండ్రి. మీరు ఏ నోటిఫికేషన్‌కు ప్రిపేర్ అయితున్నరు?"

"నోటిఫికేషన్ లేదు నాయనా. భాష నేర్చుకుంటున్నాను."

"ఎందుకు సార్ ఇప్పుడు?"

భార్య ఏం మాట్లాడుతోందో తెలుసుకోవడానికి అని ఎలా చెప్పను?

లైబ్రరీలో నోరు విప్పకూడదు కాబట్టి పలకవలసిన పాఠాలు ఇందిరా పార్కులో చేసేవాణ్ణి. నడిచేవాళ్ళు నేను ఫోన్లో ఎవరితోనో గొడవపడుతున్నానని అనుకునేవారు. వ్యాకరణం నాకు తొందరగానే పట్టుబడింది. సూత్రాలు గుర్తుపెట్టుకోవడం నా వృత్తి. నోట్‌బుక్కులో పట్టికలు గీసుకున్నాను. ఏ క్రియకి ఏ సహాయక్రియ వస్తుందో, ఆడవాళ్ళు చెప్పేటప్పుడు చివర అచ్చు ఎలా మారుతుందో అన్నీ రాసుకున్నాను. మాట్లాడటం మాత్రం రాలేదు. నాలుగు నెలల తర్వాత కూడా నేను గట్టిగా చెప్పగలిగినవి పదిహేను వాక్యాలు. కానీ వినడం వచ్చింది. నాకు కావలసింది అదే.

మంగళ, శుక్రవారాల్లో హాల్లో పేపరు పట్టుకుని కూర్చునేవాణ్ణి. ఆరింటికి లోపల ఇటాలియన్ మొదలయ్యేది. చెరువులో రాళ్ళలా అక్కడక్కడా మాటలు తేలేవి. ఒకరోజు మొట్టమొదటిసారి పూర్తి వాక్యం ఒకటి అర్థమైంది. "మియో మరీతో నోన్ ఫా దొమాందె" అంది మా ఆవిడ. మా ఆయన ప్రశ్నలు అడగడు. నాకు ఛాతీ ఉబ్బింది. నేను అనుమానపడే మొగుణ్ణి కాను, ఎక్కడికి వెళ్ళావు, ఎందుకు వెళ్ళావు అని సతాయించను, అదే పొగుడుతోంది అనుకున్నాను. అవతల ఆయన ఏదో మెల్లగా అన్నాడు. దానికి మా ఆవిడ నవ్వలేదు. "నో" అని ఊరుకుంది. ఆ వాక్యం పొగడ్త కాదేమోనన్న సందేహం నాకు రెండు రోజుల తర్వాత, పార్కులో నడుస్తుంటే వచ్చింది. వచ్చాక ఇక పోలేదు.

మా ఆవిడది జనగామ దగ్గర పల్లెటూరు. మా నాన్నగారు ఆంధ్రప్రదేశ్ కొత్తగా ఏర్పడిన రోజుల్లో గవర్నమెంటు ఉద్యోగానికి భీమవరం నుంచి వచ్చారు. నేను పుట్టింది ఇక్కడే అయినా మా ఇంట్లో మాట మాత్రం భీమవరంలోనే ఉండిపోయింది. విద్యానగర్ పక్కన యూనివర్సిటీలో చదివేటప్పుడు నాకు ఆమె పరిచయమైంది. బస్టాపులో నిలబడి మాట్లాడటం మొదలుపెడితే రెండు మూడు బస్సులు పోయేవి. ఎంత మాట్లాడేదో! ఆ మాటలు వినే నేను పెళ్ళి చేసుకున్నాను. ఆ మాటలు ఎక్కడికి పోయాయో నేనెప్పుడూ ఆలోచించలేదు. వయసు మీదపడితే అందరూ తగ్గిస్తారులే అనుకున్నాను.

ఆ తర్వాతి శుక్రవారం గొడవ జరిగింది. లోపల మా ఆవిడ ఏదో కథ చెబుతోంది. నాన్న, సైకిలు, పడటం, అందరూ నవ్వటం. ఈ నాలుగు మాటలు పట్టుకోగలిగాను. మా మామగారు సైకిలు మీంచి పడ్డారా? ఎప్పుడు? నాకు తెలియదు. సముద్రం పక్కన టికెట్లమ్ముకున్న ఆయనకి తెలుస్తోంది, మామగారికి అల్లుణ్ణి, నాకు తెలియదు. తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. సరిగ్గా అప్పుడు మా ఆవిడ "హో అందాతో ఆ స్కువోలా" అంది. బడికి వెళ్ళాను అని.

ఆ క్రియకి 'హో' అనే సహాయక్రియ రాదు, 'సోనో' రావాలి. నా పట్టికలో ఎర్ర ఇంకుతో గీసుకున్నది. ముప్పై ఐదేళ్ళు క్లాసులో అరిచిన గొంతు నా ప్రమేయం లేకుండా లేచింది.

"సోనో అందాతా!"

మా ఆవిడ ఆయనకి ఏదో చెప్పి ల్యాప్‌టాప్ మూసేసింది. తలుపు పూర్తిగా తీసి నా ముందు నిలబడింది.

"మీకు ఇటాలియన్ వచ్చా?"

"కొంచెం."

"ఎప్పటి నుంచి?"

"నాలుగు నెలలు."

ఆమె ముఖంలో రంగు మారింది.

"అంటే నాలుగు నెలల సంది నేను మాట్లాడేదంత వింటున్నరు."

ఆ మాట ఇంట్లో ఆమె మాట్లాడే తెలుగు కాదు. అది గమనించే స్థితిలో నేను లేను. తప్పు చేసినవాడు ఎదురు తిరిగినట్టే నేనూ తిరిగాను.

"తప్పు మాట్లాడావని చెప్పాను, అంతేగా? ఆయన దిద్దితే పడీ పడీ నవ్వుతావు. నేను దిద్దితే కోపమా?"

"ఆయన నేను అడిగితే దిద్దుతడు. మీరు అడగకముందే దిద్దుతరు. మీ అమ్మగారు దిద్దిండ్రు, మీరు దిద్దిండ్రు. పెళ్ళైన కొత్తల మీ కాలేజీ దోస్తులు వచ్చినప్పుడు, 'చాయ్ తెస్తున్న' అంటే, 'తెస్తున్న కాదు, తెస్తున్నాను' అన్నరు అందరి ముందట. యాదున్నదా మీకు?"

నాకు గుర్తులేదు. నిజంగా లేదు.

"నాకున్నది. ముప్పై ఏండ్లు ఈ ఇంట్ల నోరు తెరవాలంటే ముందు మనసుల దిద్దుకొని తెరిచిన. ఇప్పుడొక్క భాష దొరికింది, తప్పులు మాట్లాడినా ఎవరూ ఏమనకుండ. అండ్ల గూడ మీరే వచ్చి కూసున్నరా?"

ఆమె ఏడవలేదు. ఏడిస్తే నాకు సులువయ్యేది. వంటింట్లోకి వెళ్ళి పప్పు స్టవ్వు మీద పెట్టింది.

ఆ మంగళవారం నుంచి ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని రాంనగర్‌లో ఉండే వాళ్ళ అక్కయ్య ఇంటికి వెళ్ళి క్లాసు చేసుకోసాగింది. ఆ మోకాళ్ళతో మెట్లు దిగి, ఆటో ఎక్కి, అక్కడ మళ్ళీ మెట్లెక్కి. వద్దని చెప్పే ముఖం నాకు లేదు. తిరిగి వచ్చాక భోజనం, మందులు, తలుపు గడియ, ఇంతే మాటలు. ఖాళీ గదిలో బాల్కనీ వైపు జరిపిన కుర్చీ అలాగే ఉండేది. నేను యాప్ తెరవడం మానేశాను. అయినా అసూయ చావలేదు. ఇప్పుడు కనీసం వినపడటం కూడా లేదు కదా అని అది ఇంకా పెరిగింది.

మూడు వారాలు అలా గడిచాయి. ఒక శుక్రవారం చొక్కా తొడుక్కుని రాంనగర్ నడిచి వెళ్ళాను. వాళ్ళ అక్కయ్య తలుపు తీసింది. నన్ను లోపలికి రానిచ్చి, కుర్చీ చూపించి, లోపలి గది వైపు ఒకసారి చూసింది.

"ఇనడానికి వచ్చినవా, మరిది?"

"లేదు వదినా. తీసుకెళ్దామని."

"అయితే జర సేపు కూసో. క్లాసు నడుస్తున్నది." అని రిమోట్ తీసుకుని టీవీ సౌండు పెంచేసింది. నాకు చిన్న ముక్క కూడా వినపడకుండా వార్తలు హోరెత్తిపోయాయి. ఆవిడ నా ఎదురుగా కూర్చుని, క్లాసయ్యేదాకా నా మీంచి చూపు తిప్పలేదు.

మా ఆవిడ బయటికి వచ్చి నన్ను చూసి సంచి భుజానికి తగిలించుకుంది. ఇద్దరం ఆటో ఎక్కాం. క్రాస్‌రోడ్స్ దగ్గర ట్రాఫిక్ కదలడం లేదు. ముందు బస్సు, పక్కన బండ్లు, హారన్లు. నేను దారి పొడుగునా వెతుక్కున్న మాట అప్పుడు అడిగేశాను.

"మీ నాన్నగారు సైకిలు మీంచి పడ్డారన్నావు కదా, ఆరోజు. నాకు సగమే అర్థమైంది. పడితే అందరూ ఎందుకు నవ్వారు?"

ల్యాప్‌టాప్ సంచి ఒళ్ళో సర్దుకుంది. చెప్పదనుకున్నాను.

"ముందు నేను పడ్డ," అంది. "మా ఊర్ల హైస్కూల్ లేకుండె. పక్క ఊరికి పోవాలె. నాయిన పాత సైకిల్ కొనిచ్చిండు. మా ఊర్ల సైకిల్ తొక్కిన మొదటి ఆడపిల్లను నేనే. ఒకరోజు లంగ చెయిన్ల ఇరుక్కొని కల్లు దుకాణం ముంగట పడ్డ. అందరు గొల్లుమని నవ్విండ్రు. ఏడ్చుకుంట ఇంటికొచ్చిన. ఇగ సైకిల్ ముట్ట, బడికి పోను అన్న."

"తర్వాత?"

"నాయినకు సైకిల్ రాదు. తెల్లారి పొద్దున నా సైకిల్ తీస్కొని అదే జాగకు పోయి ఎక్కిండు. పడ్డడు. మళ్ళ ఎక్కిండు, మళ్ళ పడ్డడు. ధోతి చినిగింది, మోచేయి కొట్టుకపోయింది. ఊరంత ఆయన్ను చూసి నవ్వుడే. నేను దూరంగ నిలబడి చూసిన. ఇంటికొచ్చి, 'ఇగ నీ ముచ్చట ఎవరికి యాదుండది బిడ్డా, నా ముచ్చటనే చెప్పుకుంటరు, బడికి పో' అన్నడు. పోయిన."

ఆటో కదిలింది. మా మామగారిని నేను పట్టుమని పదిసార్లు చూసి ఉంటాను. మా ఇంటికి వచ్చినప్పుడల్లా సోఫా అంచున కూర్చుని, అడిగినదానికి జవాబు చెప్పి, టీ తాగి వెళ్ళిపోయేవారు. ఆ మనిషిలో ఇంత మనిషి ఉన్నాడని ముప్పై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉండి నేను తెలుసుకోలేదు. నా కళ్ళు తుడుచుకుంటుంటే ఆమె చూడనట్టు ఊరుకుంది.

"ఇవన్నీ నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"మీరెప్పుడు అడిగిండ్రు?" అంది. కోపంగా కాదు, మామూలుగానే.

క్లాసు మళ్ళీ మా ఇంటికి వచ్చింది. షరతు నేనే పెట్టుకున్నాను. ఐదున్నరకి నేను బయటికి వెళ్ళిపోవాలి. అశోక్‌నగర్ వైపు నడిచి, పుస్తకాల కొట్ల మధ్య టీ బండి దగ్గర ఆగుతాను. చుట్టూ కరెంట్ అఫైర్స్ గురించి వాదించుకుంటూ ఉంటారు. నేను మళ్ళీ తెరిచిన యాప్‌లో పాఠం చేస్తూ గడియారం చూసుకుంటూ ఉంటాను. ఆరింటికి ఇటాలియన్ మొదలై ఉంటుంది, ఇప్పుడు నవ్వుతూ ఉంటుంది అని లెక్కపెట్టుకుంటాను. కుళ్ళు తగ్గిందని చెబితే అబద్ధం. ఒకటి రెండుసార్లు తొందరగా తిరిగి వచ్చి, మెట్ల మీద నవ్వు వినపడితే మళ్ళీ దిగి వీధి చివరిదాకా వెళ్ళి వచ్చాను.

పోయిన నెల ఆమే నన్ను ఆయనకి పరిచయం చేసింది. ఆయన్ని పలకరించడానికి రెండు రోజులు కూర్చుని ఒక వాక్యం తయారుచేసుకున్నాను. మీ గురించి చాలా విన్నాను, మిమ్మల్ని చూడటం సంతోషం అని. తెర ముందు కూర్చుని చెప్పాను. ఆయన తల ఊపి, ఎంతో మర్యాదగా, చివరి మాట సరిచేసి మళ్ళీ పలికి చూపించాడు. నా చెవులు వేడెక్కాయి. మా ఆవిడ నా వైపు తిరిగి, ఆయనకి అర్థం కాకుండా తెలుగులో మెల్లగా అడిగింది.

"ఎట్లున్నది?"

"బాగాలేదు," అన్నాను.

ఆమె తెర వైపు తిరిగి ఆయనతో ఏదో అంది. ఇద్దరూ నవ్వారు. ఏమందో నేను అడగలేదు. అన్నీ అడగాలని కూడా లేదు కదా.

ఇప్పుడు ఇంట్లో ఆమె రెండు రకాలుగానూ మాట్లాడుతుంది. మా బంధువులు వస్తే పాత అలవాటు ప్రకారం 'ఏమండీ, వస్తున్నాను'. మేమిద్దరమే ఉంటే 'వస్తున్న, ఏంది, గట్లనా'. నాకు నోటిదాకా వచ్చే దిద్దుబాట్లు ఇంకా వస్తూనే ఉన్నాయి, కాకపోతే మింగేస్తున్నాను. నిన్న సాయంత్రం చిక్కుడుకాయలు ఒలుస్తూ, ఇంటర్లో హాస్టల్ గోడ దూకి జాతరకి వెళ్ళి వార్డెన్‌కి దొరికిపోయిన సంగతి చెప్పింది. నేను ఈనెలు తీయడం ఆపి విన్నాను. ఎవరెవరు వెళ్ళారు, వార్డెన్ ఏం చేసింది, ఇంట్లో తెలిసిందా అని అడిగాను. అన్నీ చెప్పింది. చివర ఒక ప్రశ్న మిగిలింది. అడగకూడదనుకుంటూనే అడిగాను.

"ఇది ఆయనకి చెప్పావా?"

ఆమె నా ముఖంలోకి చూసి, తల అడ్డంగా ఊపింది. "ఇంక చెప్పలే. గోడ దూకుడును ఇటాలియన్ల ఏమంటరో నాకు తెల్వదు."

నాకు తెలుసు. దూకడమనే క్రియ పోయిన వారమే పట్టికలో రాసుకున్నాను. కానీ చెప్పలేదు, చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చున్నాను.